గుడి గురించి నిలదీస్తే ఏం చెప్పాలి? కొత్తగా వచ్చిన తమ్ముడికి

"అన్నలకు, అక్కలకు నమస్కారం. మాస్టర్స్ కోసం అమెరికా వచ్చి రెండు నెలలైంది. మొన్న శనివారం గుడికి వెళ్లొస్తే రూమ్మేట్లు పట్టుకున్నారు. రాయికి పాలు పోయడమేంటి, గుడి అంటేనే కులం కదా అని. కోపం వచ్చింది గానీ ఒక్కదానికీ జవాబు తోచలేదు. వాళ్లన్నదాంట్లో నిజం ఉందేమో అని కూడా అనిపించింది. ఏం చేయను?"

తమ్ముడూ, అలా అనిపించడం తప్పేం కాదు. మనలో చాలామందిమి అమ్మ చెయ్యి పట్టుకుని గుడికి వెళ్లినవాళ్లమే గానీ, అక్కడ ఏది ఎందుకు చేస్తారో అడిగి తెలుసుకున్నవాళ్లం కాదు. ఇక్కడ ఎవరో అడిగేసరికి తడబడతాం, ఆ తడబాటే కోపమవుతుంది. అందుకని ముందు వాదనలు పక్కన పెట్టు. ఓ నెల పాటు శనివారాలు పొద్దున్నే గుడికి వెళ్లి, హడావుడి లేని వేళ అర్చకుల్ని అడుగు. ఇంటివాళ్లను వదిలి ఇంత దూరం వచ్చి ఉంటున్న మనుషులు వాళ్లు. శ్రద్ధగా అడిగేవాడు దొరికితే సంతోషంగా చెబుతారు.

తీర్థం పుచ్చుకున్నాక నెత్తిన పెట్టే శఠారిని ఈసారి దగ్గరగా చూడు. కిరీటంలా ఉంటుంది, పైన రెండు పాదాలుంటాయి. స్వామి పాదాలవి. దాన్నే శఠగోపం అంటాం. ఆ పేరు తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుది, ఆయనకే శఠకోపుడని పేరు. ఆయన వేళాళ కులంలో, సేద్యం చేసుకునేవాళ్లింట పుట్టారని సంప్రదాయమే చెబుతుంది. ఎంతటి వేదపండితుడైనా వైష్ణవాలయంలో తల వంచేది ఆ పేరు కిందే. నాకు ఇది తెలిసిన రోజు శఠారి తల మీద ఆనినప్పుడు ఒళ్లు జలదరించింది.

అలాగని ఈ మాటతో నీ రూమ్మేట్ నోరు మూయించకు. కులం గురించి అతను అడిగినదాంట్లో నిజముంది. తరాల తరబడి దళితుల్ని గడప దాటనివ్వలేదు. వాళ్లను గుళ్లలోకి రానివ్వడానికి ఇప్పటి కేరళలోని తిరువాన్కూరులో 1936లో రాజు ప్రకటన, మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం రావలసి వచ్చింది. అది ఒప్పుకో. ఒప్పుకున్నాక ఇంకో సంగతి కూడా చెప్పు. శ్రీరంగంలో అర్చకుడు లోకసారంగముని, అంటరానివాడిగా చూసిన కులంలో పెరిగిన భక్తకవి తిరుప్పాణాళ్వారును భుజాల మీద మోసుకుని స్వామి సన్నిధికి తీసుకెళ్లాడని మనవాళ్లు చెప్పుకుంటారు. 2018లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ని అలాగే మోసుకుని హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి వెళ్లారు. తప్పు జరిగినదీ, దాన్ని దిద్దుకునే దారి ఉన్నదీ ఈ సంప్రదాయంలోనే.

నేను వచ్చిన కొత్తలో ఒక గుడిలో అర్చన టికెట్టు తీసుకుంటుంటే నా ముందున్న కుర్రాడు గోత్రం తెలియదన్నాడు. వెనక ఒకాయన నవ్వాడు. కుర్రాడి మొహం మాడిపోయింది. అర్చకులు మాత్రం మామూలుగా "కాశ్యప గోత్రం అని చెబుతాను నాయనా, పేరు చెప్పు" అని, ఆ పేరును మిగతావాళ్ల పేర్లంత గట్టిగానే చదివారు. ఆ నవ్విన మనిషిని చూసి గుడిని తిట్టేవాళ్లున్నారు. నేను ఆ అర్చకుల గొంతునే గుర్తుపెట్టుకున్నాను.

ఇక్కడి గుళ్లు ఉత్తినే వెలిసినవి కావు. న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ గణపతి గుడికి కుంభాభిషేకం జరిగింది 1977 జూలై 4న. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో శివుడూ విష్ణువూ ఒకే ప్రాంగణంలో ఉంటారు. పెద్ద ఉత్సవాలు వారాంతానికి జరుపుకుంటాం. ఆగమాన్ని, అంటే గుడి పూజల శాస్త్రాన్ని, వదలకుండానే ఇంత సర్దుకున్నారు మన ముందువాళ్లు.

గుడి లోపల ఫోటోలు మాత్రం తీయకు. రూమ్మేట్లు అడిగితే "గుడివాళ్లు వద్దన్నారు, అందుకే తీయలేదు" అని చెప్పు, చాలు.

తమ్ముడూ, నేను అక్కను. పైన అన్నయ్య చెప్పినదానికి ఇంకో రెండు మాటలు, పాల గురించి. అది నాకూ మింగుడు పడేది కాదు. మా గుడిలో బిందెలకొద్దీ పోసేవారు. ఒకరోజు ధైర్యం చేసి అర్చకులనే అడిగాను. "అభిషేకానికి ద్రవ్యం ఉండాలమ్మా, ఇంత పోయాలని లెక్కేం లేదు" అన్నారు. కమిటీలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు చిన్న గిన్నెతో అభిషేకం చేసి, ఆ పంచామృతాన్నే తీర్థంగా పంచుతున్నాం. తెచ్చిన మిగతా పాలు వంటింటికి వెళతాయి. బయటివాడు వెక్కిరిస్తే మారలేదు తమ్ముడూ, లోపల ఉండి అడిగితే మారింది.

పవిత్రోత్సవం గురించి కూడా తెలుసుకో. తిరుమలలో ఏటా శ్రావణంలో మూడు రోజులు చేస్తారు. ఏడాది పొడుగునా పూజల్లో తెలిసీ తెలియక జరిగిన లోపాలకు ప్రాయశ్చిత్తంగా నూలు పవిత్రాలు స్వామికి సమర్పిస్తారు. మా పూజలో లోపం ఉండొచ్చని ఆ గుడే ఏటా స్వామి ముందు ఒప్పుకుంటుంది. ఎవరైనా లోపం చూపిస్తే మనమెందుకు ఉలిక్కిపడాలి?

శనివారం ఎనిమిదింటికి మేం కింది హాల్లో దండలు కడతాం. నీ రూమ్మేటుకి రావాలనుంటే వెంట తీసుకురా, ఏం అడిగినా ఎవరూ కసురుకోరు. ఇద్దరూ సాక్సులు వేసుకుని రండి, నేల చాలా చల్లగా ఉంటుంది.