కరువు నేలలో అంగన్‌వాడీ పిల్లలకు వరన్నం తగ్గించి కొర్రన్నం పెట్టాలా?

సీమబిడ్డ
మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే ఎక్కువ. ఇప్పుడు అదీ నెలల తరబడి ముఖం చాటేసి, ఒక్క రాత్రిలో కుమ్మరించి పోతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. తెలంగాణలో 33 శాతం. రక్తహీనత ఇక్కడ 63, అక్కడ 70 శాతం.

నా మాట సూటిగా చెప్తాను. తక్కువ వానకు పండే కొర్ర, సజ్జ, జొన్న, రాగి అంగన్‌వాడీ పళ్ళెంలోకి రావాలి, బియ్యం తగ్గాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 550 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 550 భాగాలు) దాకా పెరిగితే వరిలో ప్రోటీన్ సుమారు 8 శాతం, ఇనుము 5 శాతం, జింక్ 3 శాతం తగ్గుతాయని 2014లో నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. జొన్న మీద ఆ ప్రభావం చాలా తక్కువ. కాల్షియం సంగతైతే వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ.

రోకలిపోటు
తమ్ముడూ, మా అమ్మ కొర్రలు రోట్లో దంచీ దంచీ చేతులు బొబ్బలెక్కించుకున్న మనిషి. వరన్నం మేం పండగ రోజే చూసేవాళ్ళం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే ఆమె రోకలి పక్కన పెట్టింది. ఇప్పుడు పేదపిల్లల పళ్ళెంలోంచే బియ్యం తీస్తామంటే నాకు కష్టంగా ఉంది. మా చుట్టుపక్కల కొర్రలు పొట్టుతీసే మిల్లు కూడా లేదు. బజార్లో కొర్రబియ్యం సన్నబియ్యం కంటే ఖరీదు. ముందు ఆ మిల్లు పెట్టించండి, తర్వాత మాట్లాడదాం.

కేంద్రం టీచరు
నేను పదేళ్ళకు పైగా అంగన్‌వాడీలో చేస్తున్నాను. మీరిద్దరూ గింజ దగ్గరే ఆగిపోయారు. కరువొచ్చిన ఏడాది పిల్లల ఇళ్ళలో పళ్ళెం చూడండి. అన్నం అంతే ఉంటుంది, ఎందుకంటే రేషన్ బియ్యం వానతో పని లేకుండా వస్తుంది. పోయేది అన్నం పక్కన ఉండేదే. బోరు ఎండితే పెరట్లో తోటకూర, పాలకూర పోతాయి. కందులు సరిగ్గా పండకపోతే పప్పు పల్చబడి చివరికి చింతపండు చారు అవుతుంది. 2023 జూలైలో టమాటా పండించే మదనపల్లెలోనే కిలో 150 దాటింది. ఆ నెలంతా మా పిల్లల ఇళ్ళలో పచ్చడి మెతుకులే.

ఇంకొకటి, ఎండ ముదిరితే పిల్లలు అసలు తినరు. రెండు ముద్దలకే నీళ్ళు అడుగుతారు. ఆ రెండు ముద్దల్లో ఏముందన్నదే నాకు టెన్షన్. గుడ్డు, పప్పు ఉంటే కొంత ఒంటికి పడుతుంది. ఒట్టి కొర్రన్నమైనా ఒట్టి వరన్నమైనా ఆ పూటకు పెద్ద తేడా లేదు.

తల్లిదండ్రులు బెంగళూరు వలసపోతే పిల్లాణ్ణి కూడా తీసుకుపోతారు. వాడికి ఇక్కడ అందే గుడ్డు, పాలు ఆ రోజుతో ఆగిపోతాయి. అక్కడ గుడారాల దగ్గర కేంద్రం ఎక్కడుందో వాళ్ళకు తెలీదు, చెప్పేవాళ్ళూ ఉండరు. తిరిగొచ్చాక బరువు తూస్తే నాకు ఏడుపొస్తుంది.

శనక్కాయల రైతు
టీచరమ్మ చెప్పింది నిజం. పాల సంగతి నేను చెప్తాను. వేరుశనగ చేను ఎండితే కాయతోపాటు కట్టె కూడా పోతుంది. పశువులకు మేత అదే. మేత లేక ఆవును సంతకు తోలితే ఇంట్లో బిడ్డకు పాలు ఆగిపోతాయి. పరిహారం లెక్కల్లో కాయ నష్టమే రాస్తారు, ఈ పాలు ఎవరూ రాయరు.

కాయ చేతికొచ్చినా ఒక భయం ఉంది. గింజ ముదిరే చివరి రోజుల్లో బెట్ట పడితే కాయలో బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మంచి కాయ మేం అమ్ముకుంటాం. ముడుచుకుపోయిన గింజలు ఇంట్లో పచ్చడికి, పిల్లల ఉండలకు వాడతాం. దయచేసి అవి పిల్లలకు పెట్టకండి. నేను మానేశాను.

రోకలిపోటు
ఆ గింజలు మేమూ ఇన్నాళ్ళూ తిన్నాం. ఇంట్లో ఇవాళే ఏరి పారేయిస్తాను.

సీమబిడ్డ
బియ్యం తగ్గించాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. మన సంగటిలో ఎప్పుడూ రాగిపిండీ బియ్యమూ కలిసే ఉన్నాయి కదా, అది నేనే మర్చిపోయాను. రాగి వద్దని మాత్రం అనను. మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టిస్తే అందులో ఇనుము పిల్లల ఒంటికి ఇంకొంచెం బాగా పడుతుంది. టీచరమ్మా, కొత్తగా ఏదైనా తేవడం కన్నా ముందు మండు వేసవిలో పప్పు, గుడ్డు, ఆకుకూర ఆగకుండా చూడాలంటే మీ కేంద్రానికి ఏం కావాలి?

కేంద్రం టీచరు
పెరటి మడికి నీళ్ళు. వేసవిలో రోజుకు నాలుగు బిందెలు చాలు. ఇంకా, వలస పోయే ఇంటికి బస్సెక్కే ముందే అక్కడి కేంద్రం చిరునామా రాసిచ్చే మనిషి.