పసితనంలో బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక మళ్లీ మునగాలా?

బెరయ: 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హెయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి మన లూథరన్ సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తున్నారు. ఆ పిల్లలు పెద్దయ్యాక పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాలకు వెళ్తే మొదట వినిపించే మాట: "నీది చిలకరింపు, అది చెల్లదు, నీళ్లలో మునగాలి." పసిపిల్లల బాప్తిస్మం చెల్లుతుందన్న సంస్కర్త మార్టిన్ లూథర్ వాదన ఇప్పటికీ నిలుస్తుందా? వచనాలు చూపించి చెప్పండి.

ఏటిఒడ్డు: నిలవదు బ్రదర్. మార్కు 16:16లో "నమ్మి బాప్తిస్మము పొందినవాడు" అని ఉంది, ముందు నమ్మడం. రోమా 6:4 బాప్తిస్మాన్ని పాతిపెట్టడంతో పోల్చింది. పిడికెడు మట్టి చల్లేసి సమాధి అయిపోయిందంటామా? అన్నిటికన్నా పెద్ద చిక్కు లూథర్‌తోనే. విశ్వాసం వల్లే నీతిమంతులమవుతామని అంత గట్టిగా చెప్పినాయన, నమ్మడమంటే ఏమిటో తెలియని బిడ్డకు బాప్తిస్మం ఎలా ఇస్తాడు?

చిన్న కాటెకిజం: ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయండి, విడదీసి చూద్దాం. ఒకటి, నీళ్లు ఎన్ని? 1526లో లూథర్ దిద్దిన బాప్తిస్మ క్రమంలో బిడ్డను తొట్టిలో ముంచమనే ఉంది. 1519 ప్రసంగంలోనూ ముంచడమే సరైన గుర్తు అన్నాడు. కాబట్టి లూథరన్ అంటే చిలకరింపే అనుకోవడం పొరపాటు. అలాగని నీళ్లు తగ్గితే బాప్తిస్మం చెల్లకపోదు. పారే నీళ్లు గానీ వేరే నీళ్లు గానీ సరిపడా దొరక్కపోతే తలమీద మూడుసార్లు పోయమని "దిదాఖే" అనే తొలినాటి క్రైస్తవ పుస్తకమే చెప్పింది.

అసలు తగువు రెండోది. బాప్తిస్మం మనం దేవునికిచ్చే సాక్ష్యమా, దేవుడు మనకిచ్చే వాగ్దానమా? నీళ్లు కావు, నీళ్లతో కూడిన దేవుని వాక్యమే ఆ పని చేస్తుందని లూథర్ 1529లో రాసిన ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం చిన్న కాటెకిజం చెబుతుంది. విశ్వాసం బాప్తిస్మాన్ని తయారుచేయదు, అందుకుంటుంది అని ఆయనదే పెద్ద కాటెకిజం. పద్దెనిమిదేళ్లకు మునిగినవాడికి ముప్పయ్యో ఏట "అప్పుడు నేను నిజంగా నమ్మలేదేమో" అనిపిస్తే మళ్లీ మునగాలా? నలభైకి ఇంకోసారా? 1528లో లూథర్ తిరుగు బాప్తిస్మం మీద రాసిన లేఖలో అడిగింది ఇదే. మన విశ్వాసాన్ని పునాది చేసుకుంటే ఎవరికీ నిశ్చయం దక్కదు. ఆయన "విశ్వాసం" అన్న మాటకు అర్థమే అది: ఇచ్చినదాన్ని పట్టుకోవడం. పసిబిడ్డ కన్నా వట్టి చేతులతో వచ్చేవారెవరు?

ఏటిఒడ్డు: వాదన బాగుంది, ఫలం చూడండి. రిజిస్టరులో పేరుంటుంది, మనిషి క్రిస్మస్‌కి తప్ప గుడికి రాడు. ఇంకో మాట. మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవారికి మరణశిక్ష అని 1529లో జర్మనీలోని స్పెయర్ రాజ్యసభ శాసించింది. లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 9వ అధికరణం వారిని ఖండించింది. దాన్నెలా సమర్థిస్తారు?

చిన్న కాటెకిజం: సమర్థించను. ఆ హింసకు లూథరన్ ప్రపంచ సమాఖ్య 2010లో స్టుట్‌గార్ట్‌లో ఆ తిరుగు బాప్తిస్మం వారి వారసులైన మెన్నోనైట్లను క్షమాపణ అడిగింది, అడగాల్సిందే. ఫలం గురించి మీ మాట కూడా నిజమే. చిన్న కాటెకిజంలో ప్రతి భాగం ఇంటిపెద్ద తన ఇంటివారికి నేర్పాల్సిన పాఠంగా మొదలవుతుంది. ఇంట్లో ఆ పని మానేసి, కన్ఫర్మేషన్‌కు (పెద్దయ్యాక సంఘం ముందు విశ్వాసం ఒప్పుకునే ఆరాధనకు) ముందు నాలుగు జవాబులు బట్టీ పట్టిస్తే వచ్చే ఫలం మీరన్నదే. దానికి మందు బోధే, కొత్త నీళ్లు కావు.

రిజిస్టరు: ఎవరైనా వచ్చి "మళ్లీ ఇవ్వండి" అంటే అయ్యగారు చూడాల్సినవి రెండే: నీళ్లు వాడారా, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అన్నారా. రిజిస్టరు చూడాలి, జ్ఞాన తల్లిదండ్రులను అడగాలి. బిడ్డ ప్రాణాపాయంలో ఉండగా ఆసుపత్రిలో ఏ విశ్వాసి ఇచ్చినా చెల్లుతుంది. ఇచ్చినవారిని అడిగి తెలుసుకుని, గుడిలో ప్రార్థన చేస్తే చాలు, మళ్లీ ఇవ్వకూడదు. సాక్షీ లేదు, రాతా లేదు అంటే "ఒకవేళ పొందకపోయి ఉంటే" అన్న షరతు పెట్టకుండా నేరుగా ఇవ్వమన్నాడు లూథర్. త్రియేక నామం లేకుండా "యేసు నామమున" మాత్రమే ఇచ్చినదాన్ని లూథరన్లు లెక్కలోకి తీసుకోరు.

పని చెడేది ఇంకోచోట. "నీకైపోయింది, వెళ్లు" అని పంపేస్తారు. అడిగిన మనిషి మనసులో చాలాసార్లు ఉండేది పాపభారం. చిన్న కాటెకిజంలో బాప్తిస్మానికీ ప్రభు బల్లకూ మధ్య పాపపు ఒప్పుకోలు పాఠం ఉన్నది అలాంటివారి కోసమే. కూర్చోబెట్టి ఒప్పుకోలు విని, క్షమాపణ మాట చెవిన వేసి పంపాలి.

ఏటిఒడ్డు: అలా కూర్చోబెట్టేవాళ్లుంటే సగంమంది మా దగ్గరికి రారు, ఒప్పుకుంటాను. కానీ అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు శిష్యులకు మళ్లీ ఇచ్చారు కదా?

చిన్న కాటెకిజం: వారు అంతకుముందు పొందింది యోహాను బాప్తిస్మం. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదని మూడో వచనానికి ముందే చెప్పారు. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున పొందినవారికి మళ్లీ ఇచ్చిన చోటు కొత్త నిబంధనలో ఒక్కటైనా ఉంటే చూపించండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.