జౌ షిమింగ్ పాత శైలి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఎంతవరకు మారింది?

నమస్కారం. 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో లైట్ ఫ్లైవెయిట్ (అతి తక్కువ బరువు విభాగాల్లో ఒకటి) స్వర్ణాలు గెలిచిన చైనా బాక్సర్ జౌ షిమింగ్, చేతులు కిందికి దించి, ప్రత్యర్థికి అందకుండా తిరుగుతూ, ఒక్కో దెబ్బతో ఒక్కో పాయింటు కూడబెట్టేవాడు. 2013లో మకావులో ప్రొఫెషనల్‌గా బరిలోకి దిగాక, అమెరికన్ కోచ్ ఫ్రెడ్డీ రోచ్ శిక్షణలో, కాళ్లు నిలదొక్కుకుని బలంగా కొట్టడం నేర్చుకోవలసి వచ్చింది. 2015లో టైటిల్ పోరులో ఓడినా, 2016లో, 35 ఏళ్ల వయసులో, లాస్ వెగాస్‌లో డబ్ల్యూబీఓ (ప్రపంచ బాక్సింగ్ సంస్థ) ఫ్లైవెయిట్ టైటిల్ సాధించాడు. ఆ పట్టుదల అంటే నాకెంతో గౌరవం.

అయితే 2017లో షాంఘైలో జపాన్ బాక్సర్ షో కిమురా చేతిలో 11వ రౌండులో ఓడిపోవడానికి వయసే కారణమా, లేక 12 రౌండ్ల పోరుకు సరిపడని అమెచ్యూర్ (ఒలింపిక్ తరహా) అలవాట్లా? బాక్సింగ్ ఆడినవారు, నేర్పినవారు ఆయన కాళ్ల కదలికను బట్టి వివరిస్తే కృతజ్ఞుడిని.