ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద పవర్‌బాల్ లాటరీ ఆడొచ్చా? కొనేముందు తెలుసుకోవాల్సినవి

జెర్సీ సిటీ నుంచి, కొత్త విద్యార్థి:

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఎమ్మెస్ చదవడానికి ఈ ఆగస్టులో వచ్చాను. మాది ఖమ్మం జిల్లా. అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఉంటాం. మా వీధి చివర గ్యాస్ స్టేషన్ అద్దానికి పవర్‌బాల్ బోర్డు పెట్టారు, దాని మీద అంకె డ్రా డ్రాకీ పెరిగిపోతోంది. ఈసారి తలా కొంచెం వేసుకుని టికెట్లు కొందామని రూమ్మేట్స్ అంటున్నారు. మా ఊరి వైపు లాటరీ షాపు అనేదే నేను చూడలేదు, ఇదెలా నడుస్తుందో అసలు తెలియదు. ఎఫ్‌-1 వాళ్లు కొనొచ్చా? తగిలితే వీసాకి ఇబ్బందా? ట్యాక్స్ ఎంత పోతుంది? ఏ నంబర్లు వేస్తే మంచిది? నాన్న పొలం తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు. ఒక్కసారి తగిలితే అదంతా తీరిపోతుంది కదా అని రాత్రి పడుకున్నా అదే ఆలోచన.

ఎడిసన్ నుంచి:

తమ్ముడూ, కొనొచ్చు. న్యూజెర్సీలో 18 నిండితే చాలు, ఏ దేశం వాడివని అడగరు. గెలిస్తే డబ్బు కూడా ఇస్తారు. లాటరీ గెలవడం ఉద్యోగం కాదు కాబట్టి ఎఫ్‌-1 మీద పని చేయకూడదన్న నిబంధనకీ దీనికీ సంబంధం లేదు. అలాగని డబ్బు వస్తే వీసా స్టేటస్ రాదు. ఎన్ని కోట్లు వచ్చినా క్లాసులు మానేస్తే ఎఫ్‌-1 పోతుంది.

ఇక ఆట సంగతి. 69 తెల్ల బంతుల్లోంచి 5 తీస్తారు, 26 ఎర్ర బంతుల్లోంచి 1 తీస్తారు. టికెట్ 2 డాలర్లు. సోమ, బుధ, శని వారాల్లో రాత్రి 10:59కి ఫ్లోరిడాలోని టాలహాసీలో డ్రా. ఆరూ కలిస్తే జాక్‌పాట్. ఆ బంతులు ఎన్ని రకాలుగా పడొచ్చో లెక్కేస్తే 29,22,01,338 వస్తుంది. నీ టికెట్ మీద ఉండేది అందులో ఒక్కటి. ఇంత పెద్ద అంకె మనసుకి ఆనదు కాబట్టి ఇలా చూడు: రూపాయి బిళ్లని 28 సార్లు ఎగరేస్తే 28 సార్లూ వరసగా బొమ్మే పడటం ఇంతకన్నా కాస్త సులువు. వారానికి మూడు డ్రాలూ వదలకుండా 50 ఏళ్లు ఒక్కో టికెట్ చొప్పున కొంటే 7,800 టికెట్లవుతాయి, 15,600 డాలర్లు ఖర్చవుతుంది. అప్పటికీ జాక్‌పాట్ తగిలే ఛాన్స్ దాదాపు 37 వేలలో ఒకటి.

‘25 టికెట్లలో ఒకదానికి ప్రైజు’ అని కూడా చెబుతారు. అది నిజమే, కానీ ఆ ప్రైజుల్లో చాలా భాగం 4 డాలర్లవే. ఎర్ర బంతి ఒక్కటి కలిస్తే 4, మూడు తెల్లవి కలిస్తే 7. తెల్లవి ఐదూ కలిసి ఎర్రది తప్పితే 10 లక్షల డాలర్లు. పవర్‌బాల్‌లో అమ్మకాల సొమ్ములో సగమే ప్రైజులకి పోతుంది. మిగిలిన సగం షాపు కమిషన్, నిర్వహణ ఖర్చులు పోను రాష్ట్రానికి. న్యూజెర్సీలో ఆ సొమ్మును ప్రభుత్వ ఉద్యోగుల, టీచర్ల పెన్షన్ ఫండ్లకి 30 ఏళ్ల పాటు కట్టబెడుతూ 2017లో చట్టం చేశారు. అంటే ఆడేవాళ్లందరికీ కలిపి చూస్తే నష్టం వచ్చేలాగే ఆటను తయారుచేశారు. దాచేదేం లేదు, నిబంధనల్లోనే ఉంటుంది, మనమే చదవం.

బోర్డు మీద అంకె గురించి ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. అది ఒకేసారి చేతికొచ్చే సొమ్ము కాదు. 29 ఏళ్లలో 30 వాయిదాలుగా, ఒక్కో వాయిదా ముందుదానికన్నా 5 శాతం పెరుగుతూ ఇచ్చే మొత్తం. ఒకేసారి కావాలంటే ‘క్యాష్ వాల్యూ’ ఇస్తారు, అది చాలా తక్కువ. 2022 నవంబరులో కాలిఫోర్నియాలో తగిలిన జాక్‌పాట్‌ని 204 కోట్ల డాలర్లన్నారు. దాని క్యాష్ వాల్యూ 99.76 కోట్లు.

ట్యాక్స్ దగ్గర నీ లెక్క వేరు, మా లెక్క వేరు. ట్యాక్స్ లెక్కలో రెసిడెంట్లైన మాలాంటివాళ్లకి 5,000 దాటిన ప్రైజుల్లో ఫెడరల్ కింద 24 శాతం ముందే పట్టుకుంటారు, పెద్ద సొమ్మైతే ఫైలింగ్‌లో 37 శాతం దాకా వెళ్తుంది. ఎఫ్‌-1 విద్యార్థి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ నాన్‌రెసిడెంట్ కింద లెక్క, కాబట్టి నీకు 30 శాతం. ప్రైజు రాని టికెట్ల మీద పోయిన డబ్బు చూపించి దాన్ని తగ్గించుకునే వీలు కూడా మనవాళ్లకి లేదు. 1040-ఎన్నార్ అనే ట్యాక్స్ ఫారంలో చూపించాలి. ఇది కాక న్యూజెర్సీ వాటా ఉంది. 10,000 లోపు రాష్ట్ర లాటరీ ప్రైజు మీద రాష్ట్రం ట్యాక్స్ వేయదు, 5 లక్షలు దాటితే 8 శాతం ముందే కోస్తారు. నీకు ఆ 10 లక్షల ప్రైజు వచ్చిందనుకో, 3 లక్షలు అటు, 80 వేలు ఇటు పోయి ముందుగా చేతికొచ్చేది 6,20,000.

నంబర్ల సంగతి. మంచి నంబరు, చెడ్డ నంబరు అని లేవు. పోయినసారి పడింది ఈసారి పడదనీ, చాలాకాలంగా పడనిది ఇప్పుడు పడాలనీ లేదు. ప్రతి డ్రాకీ బంతులన్నీ మళ్లీ వేస్తారు. కాకపోతే నలుగురూ వేసే నంబర్లు వేస్తే గెలిచినప్పుడు పంచుకోవాల్సి వస్తుంది. పుట్టినరోజులు వేసేవాళ్లంతా 31 లోపే తిరుగుతుంటారు. 2005 మార్చిలో ఒక పవర్‌బాల్ డ్రాకి రెండో ప్రైజు ఏకంగా 110 మందికి తగిలింది. మోసమేమోనని ఆరా తీస్తే చైనీస్ హోటళ్లలో ఇచ్చే ఫార్చూన్ కుకీల చీటీల మీద అచ్చయిన నంబర్లవి. ఇక్కడి పిక్-3 అనే మూడంకెల లాటరీలో ఇది మరీ ముఖ్యం. అందులో ప్రైజు స్థిరంగా ఉండదు, వచ్చిన సొమ్మును గెలిచినవాళ్ల మధ్య పంచుతారు. శుభమని మనవాళ్లు 116 వేస్తుంటారు. నలుగురూ అదే వేస్తే అది పడినా ఒక్కొక్కరికి వచ్చేది తగ్గుతుంది.

మెగా మిలియన్స్ అనే ఇంకో లాటరీ గురించీ ఎవరో ఒకరు చెబుతారు. 2025 ఏప్రిల్ నుంచి దాని టికెట్ 5 డాలర్లు. ఛాన్స్ మాత్రం 29 కోట్లలో ఒకటే.

పిస్కాటవే నుంచి, కన్వీనియన్స్ స్టోర్ నడిపేవాడిని:

అన్న చెప్పినదానికి కౌంటర్ వెనక నుంచి నాలుగు మాటలు. టికెట్ చేతికి రాగానే తేదీ, నంబర్లు అక్కడే సరిచూసుకో. వెనక సంతకం పెట్టు. సంతకం లేని టికెట్ రోడ్డు మీద దొరికిన నోటు లాంటిది. డ్రా అయ్యాక మాలాంటివాళ్ల చేతికిచ్చి ‘చూడండి భయ్యా’ అనకు. షాపులో కస్టమర్ల కోసం స్కానర్ ఉంటుంది, బార్‌కోడ్ నువ్వే చూపించుకో. ఫోన్‌లో లాటరీ వాళ్ల యాప్‌తోనూ చూసుకోవచ్చు. 600 లోపు ప్రైజు షాపులోనే ఇస్తాం, ఆపైన క్లెయిం ఫారం నింపాలి. డ్రా తేదీ నుంచి ఏడాది గడువు.

నాకు బాధ కలిగించేది పవర్‌బాల్ కాదు, స్క్రాచ్ టికెట్లు. పవర్‌బాల్ వాళ్లు రెండు డాలర్లిచ్చి వెళ్లిపోతారు. స్క్రాచ్ కొన్నవాళ్లు కౌంటర్ దగ్గరే నిలబడి నాణెంతో గీకుతారు, 5 డాలర్లు వస్తే దాన్ని జేబులో వేసుకోరు, ఇంకో టికెట్ అడుగుతారు. అదీ పోయాక ఇంకొకటి. ఇరవై నిమిషాల్లో గ్రాసరీకని తెచ్చిన నోటు అయిపోతుంది. పైగా పెద్ద ప్రైజులు అప్పటికే ఎవరికో వెళ్లిపోయినా ఆ గేమ్ టికెట్లు ఇంకా అమ్ముడవుతూనే ఉండొచ్చు. ఏ గేమ్‌లో ఎన్ని పెద్ద ప్రైజులు మిగిలాయో లాటరీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. చూసి కొనేవాళ్లు చాలా తక్కువ. నువ్వు వాటి జోలికి వెళ్లకు తమ్ముడూ.

ఐసెలిన్ నుంచి:

బాబూ, పొలం తాకట్టు అన్నావు కదా, అక్కడ నా మనసు ఆగింది. లోన్ తీర్చే దారుల్లో లాటరీని ఒక దారిగా రాసుకోకు. సరదాకి రూమ్మేట్స్‌తో కలిసి రెండు డాలర్లు వేసుకుంటే వేసుకో, పోయిన డబ్బు మళ్లీ రాబట్టాలని ఇంకో టికెట్ కొనాలనిపిస్తే ఆ రోజే ఆపెయ్యి. క్రెడిట్ కార్డు, ఫీజు కోసం నాన్న పంపిన డబ్బు అటువైపు వెళ్లకూడదు. చదువుకునే పిల్లలు ఒంటరితనంలో బెట్టింగ్ యాప్‌ల వైపు జారిపోవడం చూస్తున్నాం, అది మా అందరికీ కడుపుకోత. నీకైనా పక్కవాడికైనా చేయి దాటిపోతుందనిపిస్తే సహాయానికి 1-800-గ్యాంబ్లర్ అనే ఫోన్ నంబరు ఉంది. రాత్రైనా పగలైనా మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు. మాకు రాసినా సరే.

ఇంకో రెండు. ‘మీకు లాటరీ తగిలింది, ముందు ట్యాక్స్ కట్టండి’ అని ఫోనో మెయిలో వస్తే అది దొంగపనే. అసలు లాటరీ వాళ్లు ప్రైజు ఇవ్వడానికి ముందు డబ్బు కట్టమనరు, నువ్వు కొనని టికెట్‌కి ప్రైజు రాదు. గ్రీన్‌కార్డ్ లాటరీ వచ్చిందని వచ్చే మెయిళ్లూ అంతే, ఇండియాలో పుట్టినవాళ్లు మామూలుగా దానికి అర్హులే కారు. ఊళ్లో బాబాయిలెవరైనా ‘డబ్బు పంపిస్తాం, మాకూ ఒక టికెట్ కొను’ అంటే వద్దని చెప్పు. లాటరీ టికెట్ల కోసం ఇండియా నుంచి బయటికి డబ్బు పంపడం విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం నిషేధం.

జెర్సీ సిటీ నుంచి, కొత్త విద్యార్థి:

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఒక్కటే డౌట్. బుధవారం డ్రాకి ఆరుగురం తలా 2 డాలర్లు ఇచ్చేశాం. టికెట్లు ఒక రూమ్మేట్ దగ్గరున్నాయి, అతను సొంతానికి కూడా ఒకటి కొన్నాడట. ఏమైనా రాసుకోవాలా?

ఎడిసన్ నుంచి:

రాసుకోవాలి, ఈ రాత్రికే. మన పక్కనే ఎలిజబెత్ అనే ఊళ్లో జరిగింది చెబుతాను. తోటివాళ్లతో కలిసి టికెట్లు కొనే ఒక కన్‌స్ట్రక్షన్ కార్మికుడు, 2009లో మెగా మిలియన్స్ 3.85 కోట్ల డాలర్లు తగిలితే అది తన సొంత టికెట్ అన్నాడు. మిగతా ఐదుగురూ కోర్టుకెక్కారు. 2012లో జ్యూరీ వాళ్లకీ వాటా ఉందని తేల్చింది. అంతదాకా స్నేహితులు కోర్టుల చుట్టూ తిరిగారు.

కాబట్టి ఉమ్మడి టికెట్లు ఏవో, అతని సొంతది ఏదో విడదీయండి. ఉమ్మడి వాటికి ముందూ వెనకా ఫొటో తీసి, ఆరుగురి పేర్లూ, ఎవరెంత ఇచ్చారో, 4 డాలర్లొచ్చినా పంచుకోవాలా లేక వాటితో మళ్లీ కొనాలా అన్నదీ గ్రూప్‌లో ఒకే మెసేజ్‌గా పెట్టండి. అందరూ ‘సరే’ అని బదులివ్వాలి. డ్రా మొదలయ్యాక పెట్టిన ఫొటోతో ఉపయోగం లేదు. పెద్ద ప్రైజు వస్తే క్లెయిం చేసేటప్పుడు 5754 అనే ఫారం అడగండి. అందులో ఆరుగురి పేర్లూ వాటాలూ రాస్తే ట్యాక్స్ ఎవరిది వాళ్ల పేరు మీదికి వెళ్తుంది. లేకపోతే మొత్తం ట్యాక్స్ సంతకం పెట్టినవాడి నెత్తిన పడుతుంది. ఆరుగురిలో నాన్‌రెసిడెంట్లు ఎవరో, రెసిడెంట్లు ఎవరో కూడా అప్పుడే చెప్పండి, పట్టుకునే శాతం మారుతుంది.