పాపకి వయొలిన్ ఏ సైజ్ కొనాలి? ఫ్లైట్‌లో చేత్తో పట్టుకెళ్లనిస్తారా?

కొత్తశ్రుతి:
అందరికీ హాయ్ అండి. మా పాపకి ఏడేళ్లు, వయొలిన్ నేర్చుకుంటానని ఒకటే గొడవ, సరే అని క్లాస్‌లో చేర్పించాం. ఇన్‌స్ట్రుమెంట్ మీరే తెచ్చుకోవాలి అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 1/8, 1/4, 1/2, 3/4, 4/4 అని ఏవేవో ఉన్నాయి, చూసి చూసి బుర్ర వేడెక్కిపోయింది. మా ఆయనేమో ఎలాగూ ఎదిగే పిల్లే కదా, పెద్దది ఒకటే కొనేస్తే ఓ పనైపోతుంది, చెప్పులు కూడా ఒక సైజ్ పెద్దవే కొంటాం కదా అంటారు. నాకెందుకో అది కరెక్ట్ అనిపించట్లేదు కానీ ఎందుకు కాదో చెప్పలేకపోతున్నా.

ఇంకో సంగతి, సెలవులకి ఫ్లైట్‌లో బంధువుల ఇంటికి వెళ్తున్నాం, కొన్నాళ్లు అక్కడే ఉంటాం. వయొలిన్ లేకుండా రానంటోంది (ఇంకా ముట్టుకోనేలేదు, అప్పుడే ఇంత!). కేబిన్‌లోకి రానిస్తారా, లగేజ్‌లో వేస్తే ఏమన్నా అవుతుందా, అక్కడ వాళ్లింట్లో వాయిస్తే ఇబ్బంది పడతారేమో, ఇవన్నీ కూడా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

తీగలమేస్త్రి:
నేను రిపేర్లు చేసేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న వారానికోసారి వింటుంటాను. మీ వారికి చెప్పండి, వయొలిన్ చెప్పుల్లాంటిది కాదు. సైజ్ పెద్దదైతే ఎడమ చెయ్యి పూర్తిగా చాపితే గానీ వయొలిన్ మెడ చివర అందదు, మోచెయ్యి బిగుసుకుపోద్ది, భుజం పైకి లేచిపోద్ది, వేళ్లు స్వరం మీద కాకుండా ఎక్కడో పడతాయి. తప్పు అలవాటు ఒకసారి చేతికి వచ్చిందంటే తర్వాత కరెక్ట్ సైజ్ ఇచ్చినా పోదు. రెండు సైజుల మధ్య ఉంటే ఎప్పుడూ చిన్నదే తీస్కోండి.

కొలిచే పద్ధతి సింపుల్. పాపని నిటారుగా నిలబెట్టి ఎడమ చెయ్యి పక్కకి, భుజం ఎత్తులో, అరచెయ్యి పైకి ఉండేలా చాపమనండి. మెడ పక్కనుంచి అరచేతి మధ్య దాకా టేప్ పట్టండి. సుమారుగా 18-20 అంగుళాలొస్తే 1/4, 20-22 వస్తే 1/2, 22 దాటితే 3/4, ఇంకా పైన ఫుల్ సైజ్, అంటే 4/4. ఏడేళ్ల పిల్లలకి ఎక్కువగా 1/4 గానీ 1/2 గానీ పడుతుంది, కానీ వయసు చూసి ఆర్డర్ పెట్టొద్దు, కొన్ని కంపెనీల చార్ట్‌లు కూడా ఒకదానితో ఒకటి కలవవు, ఫైనల్‌గా టీచర్ చూసి చెప్పిందే ఖాయం. క్లాస్ మొదలయ్యే ముందే కొనెయ్యాలని కంగారు పడకండి, ఒక క్లాస్ ఖాళీ చేతులతో వెళ్లినా ఏం కాదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 1/2 అంటే సగం పొడవు అనుకుంటారు. కాదు. ఫుల్ సైజ్ బాడీ దాదాపు 14 అంగుళాలుంటుంది, 1/2 ది 12 పైనే ఉంటుంది. ఆ అంకెలు పేర్లు మాత్రమే, లెక్క కాదు. అందుకే ఫొటో చూసి అంచనా వెయ్యొద్దంటాను.

ఇద్దరుపిల్లలు:
అద్దెకి దొరికితే అద్దెకే తీస్కోండి అక్కా. పిల్లలు ఫుల్ సైజ్‌కి వచ్చేలోపు రెండు మూడు సైజులు మారాల్సిందే, ప్రతిసారీ కొత్తది కొంటే ఇంట్లో చిన్న చిన్న వయొలిన్‌ల మ్యూజియం అవుద్ది. కొన్ని షాపుల్లో పాతది ఇచ్చేసి పై సైజ్‌కి మార్చుకునే పద్ధతి కూడా ఉంటది, కొనేముందే అడగండి. అద్దెకి తీసుకుంటే మాత్రం తీగ తెగితే ఎవరు మార్చాలి, బ్రిడ్జ్ (తీగల్ని ఎత్తి పట్టుకునే చిన్న చెక్క) విరిగితే ఎవరిది ఖర్చు అనేది కాగితం మీద రాయించుకోండి, తర్వాత మాటా మాటా అనుకునే పని ఉండదు.

బ్లాక్‌అండ్‌వైట్:
నన్నడిగితే అసలు ఏడేళ్లకి వయొలిన్ ఎందుకండీ, కీబోర్డ్ కొనండి. నొక్కితే స్వరం వస్తది, శ్రుతి చూసుకునే పన్లేదు, హెడ్‌ఫోన్స్ పెడితే ఇంట్లో ఎవరికీ వినపడదు. 61 కీస్ ఉన్నది మొదట్లో సరిపోతుంది.

తీగలమేస్త్రి:
పాప వయొలిన్ అడిగితే కీబోర్డ్ ఇస్తే అది మూలన పడుంటది బ్రో, ఎన్ని చూశాను. నేర్చుకోవడం తేలికే, అది ఒప్పుకుంటాను, కానీ అడిగింది వేరు కదా.

ఇంకోటి చెప్పడం మర్చిపోయా, కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. మరీ చవకగా బొమ్మల పక్కన అమ్మేవి ఉంటాయి, వాయించేవాళ్లు వాటిని ‘వయొలిన్ ఆకారంలో ఉన్న వస్తువు’ అని వెక్కిరిస్తారు, నిజంగానే అంతే. పెగ్స్ చూడండి, అంటే తల దగ్గర తీగలు బిగించే మరలు, తిప్పితే మెత్తగా తిరగాలి, వదిలితే ఆగాలి. ఆ చవక వాటిలో పెగ్గు జారిపోతుంది, ట్యూన్ చేసిన ఐదు నిమిషాలకే శ్రుతి పోతుంది, పాపేమో తనకే రావట్లేదనుకుంటుంది. బ్రిడ్జ్ నిటారుగా నిలబడాలి. పైన వెనకా చెక్క అంచుల్లో ఎక్కడా అతుకు విడిపోయి ఉండకూడదు. తీగలు మరీ ఎత్తుగా ఉంటే లేత వేళ్లు కోసుకుపోతాయి, అది షాపులో కిందకి దింపి ఇవ్వొచ్చు, అడగండి. కింద టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు తగిలించే ముక్క) మీద నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు, అంటే శ్రుతి కొంచెం కొంచెంగా సరిచేసే చిన్న స్క్రూలు ఉంటే మీకే సుఖం, పెగ్గులతో కుస్తీ తగ్గుతుంది. దేనికి ట్యూన్ చెయ్యాలో మాత్రం టీచర్‌నే అడగండి, ఒక్కో పద్ధతిలో ఒక్కోలా పెడతారు.

ఆఁ, కొత్త విల్లుకి రోజిన్ (చెట్టు బంకతో చేసే గట్టి ముద్ద, విల్లు వెంట్రుకలకి రుద్దుతారు) రాయకపోతే అస్సలు శబ్దం రాదు! ఇన్‌స్ట్రుమెంట్ పాడైందని రిటర్న్ పెట్టేసిన వాళ్లని చూశాను. కాస్త ఎక్కువే రుద్దాలి మొదటిసారి. వాయించాక విల్లు వదులు చెయ్యాలి, దాని వెంట్రుకల్ని చేత్తో తాకకూడదు, చేతి జిడ్డు అంటితే అక్కడ రోజిన్ పట్టదు.

కిటికీసీటు:
ప్రయాణం సంగతి నేను చెప్తా, నాకు ఇదే పని. ముందు చేయాల్సింది ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో ‘సంగీత వాద్యాలు’ అనే పేజీ వెతికి చదవడం, బుకింగ్ ముందే. ఎందుకంటే కేబిన్ బ్యాగ్ పొడవు సాధారణంగా 55-56 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు, ఫుల్ సైజ్ వయొలిన్ కేసేమో 75-80 దాకా ఉంటుంది, అంటే రూల్ ప్రకారం అది సైజ్ దాటినట్టే. అయినా చాలా ఎయిర్‌లైన్స్ రానిస్తాయి, కొన్ని రానియ్యవు, కొన్ని ఇంకో కేబిన్ బ్యాగ్ వదులుకుంటేనే అంటాయి. అమెరికాలో అయితే 2015 నుంచి రూలే ఉంది, బోర్డింగ్ టైమ్‌లో పైన చోటుంటే వయొలిన్‌ లాంటి చిన్న వాద్యాన్ని రానివ్వాలి. మిగతా చోట్ల ఎవరి పాలసీ వాళ్లది. ఆ పేజీ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గేట్ దగ్గర వాదన పెట్టుకోకుండా మర్యాదగా చూపించొచ్చు. మీ పాపది చిన్న సైజ్ కాబట్టి కేస్ కూడా చిన్నదే, మీ పని కొంచెం నయం.

మర్యాద సంగతికొస్తే, పైన ర్యాక్ మీ ఒక్కరిదీ కాదు కదా. వీలైనంత ముందు ఎక్కండి. ఎవరైనా ఆల్రెడీ పెట్టేసిన బ్యాగ్‌ని మీరే లాగి పక్కకి జరపొద్దు, వాళ్లని అడగండి, లేదంటే క్రూని పిలవండి. కేస్ పైన బట్టలూ జాకెట్లూ వేసుకోవచ్చు, సూట్‌కేస్ వెయ్యొద్దని పక్కవాళ్లకి నవ్వుతూ ఒక్కమాట చెప్తే చాలు, ‘ఇది చాలా కాస్ట్లీ’ అని ఉపన్యాసం ఇస్తే ఎవరికైనా చిరాకే. సెక్యూరిటీ దగ్గర కేస్ తెరవమంటే మీరే తెరుస్తామని చెప్పండి, వాళ్లకి విల్లు ఎలా పట్టుకోవాలో తెలియకపోవచ్చు. వెయిటింగ్ లాంజ్‌లో ‘ఒక్కసారి వాయించి చూపించవే’ అని పిల్లల్ని ఎగదొయ్యొద్దు, దయచేసి. అక్కడ నిద్రపోయేవాళ్లు ఉంటారు, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఉంటారు.

శ్రుతి చూపించే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌కో ట్యాబ్‌కో పవర్ బ్యాంక్ పెట్టుకుంటే అది చెక్ఇన్ లగేజ్‌లో వెయ్యకూడదు, చేతి బ్యాగ్‌లోనే ఉండాలి.

సగంశ్రుతి:
ఫ్లైట్ ఎక్కేముందు తీగలన్నీ పూర్తిగా వదులు చేసెయ్యాలి, లేకపోతే ప్రెషర్‌కి పగిలిపోతుంది అని విన్నా. అది కూడా చేస్కోండి.

తీగలమేస్త్రి:
అమ్మో, అలా చెప్పకండి. బ్రిడ్జ్‌ని ఎవరూ జిగురుతో అతికించరు, తీగల బిగువుకే నిలబడి ఉంటుంది. లోపల సౌండ్‌పోస్ట్ అని చిన్న కర్ర ఉంటుంది, అదీ అంతే, జిగురుండదు. తీగలన్నీ ఒకేసారి వదిలేస్తే బ్రిడ్జ్ పడిపోద్ది, కర్ర కూడా పడిపోవచ్చు, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు. కేబిన్‌లో పెట్టుకునేదానికి ఏమీ చెయ్యక్కర్లేదు, మరీ భయమేస్తే ఒక స్వరం కిందకి దింపండి, అంతకంటే వద్దు.

విమానం లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, చెక్క కొంచెం కుంచించుకుని పెగ్గులు జారి తీగలు వాటంతటవే వదులవొచ్చు. దిగాక శ్రుతి పోయిందని కంగారు పడొద్దు, మెల్లగా ఒక్కొక్కటే ఎక్కించండి, మధ్యమధ్యలో బ్రిడ్జ్ ముందుకి వాలుతోందేమో చూస్కుంటూ. ప్రెషర్ కంటే కారు డిక్కీ ప్రమాదం. వయొలిన్ అతుకుల్లో వాడే జిగురు వేడికి మెత్తబడుతుంది, ఎండలో పెట్టిన కార్లో వదిలేసి వెళ్తే అతుకులు విడిపోతాయి. అలా విడిపోయినవి నా దగ్గరికి చాలానే వస్తాయి.

పక్కింటాయన:
నేను వాయించేవాణ్ణి కాదు, వినేవాణ్ణి మాత్రమే, అది కూడా గోడ అవతలనుంచి. రబ్బర్ మ్యూట్ ఒకటి కొనండి మేడమ్, బ్రిడ్జ్ మీద పెట్టేది, శబ్దం బాగా తగ్గుతుంది. బంధువుల ఇంట్లో దిగగానే పెట్టె తెరిచెయ్యకుండా ‘రోజూ ఏ టైమ్‌లో వాయిస్తే మీకు ఇబ్బంది ఉండదు’ అని అడిగి, ఆ టైమ్ దాటకుండా చూస్కోండి. మొదటి కొన్ని నెలలు ఆ శబ్దం ఎలా ఉంటుందో మీకు ఇంకా తెలీదు, తెలుస్తుంది లెండి 😀

కొత్తశ్రుతి:
అందరికీ థాంక్యూ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. టేప్ పెట్టి కొలిచాం, 19 అంగుళాల పైన వచ్చింది, 1/4 అవుతుందేమో, టీచర్‌ని అడిగాకే అద్దెకి చూస్తాం. మా ఆయన ఈ పోస్ట్ మొత్తం చదివి ఏమీ మాట్లాడలేదు, అంటే ఒప్పుకున్నట్టే. ఇంకొక్క డౌట్, కొత్తగా మొదలుపెట్టిన పిల్లకి సెలవుల్లో అసలు తీసుకెళ్లడం అవసరమా? మానేస్తే మర్చిపోతుందా?

ఇద్దరుపిల్లలు:
వారం అయితే వదిలేసి వెళ్లమంటా. ఆ టైమ్‌లో విల్లు పట్టుకోవడం పెన్సిల్‌తో ప్రాక్టీస్ చేయించండి, చాలామంది టీచర్లు మొదట్లో పెన్సిల్‌తోనే నేర్పిస్తారు, బొటనవేలు వంగి ఉండాలి, చిటికెన వేలు పైన ఆనాలి, అదే పెద్ద పని. పాటలు వింటూ తాళం వెయ్యడం కూడా ప్రాక్టీసే. అంతకన్నా ఎక్కువ రోజులైతే తీసుకెళ్లండి, రోజూ పది నిమిషాలు చాలు, ఎక్కువసేపు బలవంతం చేస్తే సెలవుల మీదే కాదు వయొలిన్ మీద కూడా విసుగొస్తుంది. ఇంకా, అక్కడ చుట్టాలు ‘ఏదీ వాయించు చూద్దాం’ అని అడుగుతారు చూడండి, తనకి ఇష్టమైతేనే, లేదంటే మీరే అడ్డుపడండి.

కిటికీసీటు:
తీసుకెళ్లేట్టయితే కేస్ మీద లోపలా బయటా ఫోన్ నెంబర్ చీటీ పెట్టండి. అద్దెది అయితే ఊరు దాటించొచ్చో లేదో షాపువాళ్లని ముందే అడగండి, కొందరు ఒప్పుకోరు.