పాత ప్రసంగాలను నటులు చదివితే

నిన్న అరండల్‌పేటలో మా తమ్ముడి గదిలో ఓ డాక్యుమెంటరీ చూశాను. నటులు పాత నిరసన ప్రసంగాలు చదువుతారు, అంతే. 1852 జూలై 5న అమెరికాలోని రోచెస్టర్‌లో బానిసత్వం నుంచి తప్పించుకున్న నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ మాట్లాడింది వచ్చేసరికి చేతిలో మిరపకాయ బజ్జీ చల్లారిపోయింది. ఈ స్వాతంత్ర్య దినోత్సవం పండగ మీది, నాది కాదంటాడు. మన గుంటూరులో ఇలా చేయాలంటే ఎవరి మాటలు తీసుకోవాలి?

— దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారివి చూడండి. 1921లో ఆయన నాయకత్వంలోనే చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని ఊరొదిలి పాకలేసుకున్నారు. కాకపోతే పద్యంలా రాగం తీయకండి బాబూ.

— అదే నా టెన్షన్ అండీ. చదివేది మా బాబాయి. పౌరాణిక నాటకాల మనిషి, మైకు ఇస్తే దుర్యోధనుడైపోతాడు.

— మైకు వద్దు. కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతులకీ కాగితాలు ఇవ్వండి. గద ఎత్తడానికి ఖాళీ ఉండదు.