గర్భసంచి అనొచ్చా, గర్భాశయమే అనాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం గోడకి తగిలించడానికి బొమ్మల చార్టు ఒకటి తయారు చేస్తున్నాం. నేను 'గర్భసంచి' అని రాస్తే మాలో ఒక పెద్దాయన కొట్టేసి 'గర్భాశయం' అని దిద్దారు. సంస్కృత పదానికి 'సంచి' తగిలించడం దుష్టసమాసం అంటున్నారు. నిజమేనా? చదివేది ఊళ్ళో ఆడవాళ్ళు, ఆశా కార్యకర్తలు.

వ్యాఖ్య:
వ్యాకరణం అడ్డు రాదండీ. చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే సమాసాలు సాంస్కృతికం (అన్నీ సంస్కృత పదాలు), ఆచ్ఛికం (అన్నీ తెలుగు పదాలు), మిశ్రమం (రెండూ కలిసినవి) అని మూడు రకాలు. గర్భసంచి మూడో రకం. 'ఆశయం' అంటే ఉండే చోటు. జలాశయం, మూత్రాశయం, అండాశయం అన్నీ ఆ వరసే. అయినా బడి పుస్తకాల్లో 'ముష్కగోణి' అని ఉంటుంది కదా! గోణి అంటే గోనెసంచే. మగవాళ్ళకి గోణి ఒప్పయినప్పుడు ఆడవాళ్ళకి సంచి తప్పెలా అయిందో ఆ పెద్దాయన్నే అడగండి.

వ్యాఖ్య:
సమాసం సంగతి తేలింది గానీ, 'సంచి' మీద నా పేచీ వేరే.

ముష్కగోణి నిజంగా సంచే. వదులుగా ఉండే చర్మపు తిత్తి, లోపల వృషణాలు. శుక్రకణాలు తయారు కావాలంటే ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి. అందుకే వృషణాలు ఒంటి బయట ఉంటాయి. ఆ తిత్తి చలికి ముడుచుకుని వాటిని ఒంటికి దగ్గరగా లాగుతుంది, వేడికి వదులై జారుతుంది. గర్భసంచి అలా కాదు, అది దిట్టమైన కండ. కడుపుతో లేనప్పుడు పిడికిలంత ఉంటుంది, బరువు 50, 60 గ్రాములు. నెలలు నిండేసరికి, లోపలి బిడ్డ, మాయ, ఉమ్మనీరు కాకుండానే, ఇంచుమించు కిలో తూగుతుంది. పురిటినొప్పులంటే ఆ కండ బిగుసుకుని వదులు కావడమే. దాని లోపలి పొర నెలనెలా మందం కట్టి, గర్భం నిలవకపోతే ఊడి ముట్టుగా పోతుంది. సంచి అనదగ్గది ఏదైనా ఉందంటే బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి.

సంచి అనగానే ఏమవుతుంది? "ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది, తీయించేసుకో" అనే మాట ఎన్ని ఇళ్ళలో వినలేదు మనం! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే. మాట వల్లే ఇదంతా జరిగిందని అనను. తెల్లబట్టకీ నడుంనొప్పికీ కూడా క్యాన్సర్ వస్తుందని భయపెట్టి కోసేసిన సంగతులు పేపర్లలో చదివాం. కానీ ఆ భయానికి ఈ మాట బాగా తోడైంది.

అలాగని 'గర్భాశయం' అని దిద్దితే బాగుపడేదీ లేదు. అసలు లోటు వేరే చోట ఉంది. మాయ, బొడ్డుతాడు, ఉమ్మనీరు, ముర్రుపాలు: వీటన్నిటికీ ఇంటి మాటలున్నాయి. మంత్రసాని చేత్తో పట్టుకున్నవి, కళ్ళతో చూసినవి కాబట్టి. గర్భసంచికీ మూతి ఉందనీ అది విచ్చుకుంటుందనీ ఆవిడకి తెలుసు. అండాశయాలకీ ఆ పక్కనుండే సన్నని గొట్టాలకీ మాత్రం ఇంటి మాట లేదు. పొత్తికడుపు కోస్తే తప్ప అవి కనపడవు మరి. గొట్టాలకైతే ఎక్కువగా 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు ఫాలోపియో పేరే వాడతాం, ఫాలోపియన్ నాళాలు అని. అండమూ శుక్రకణమూ కలిసేది గర్భసంచిలో కాదు, ఆ గొట్టంలోనే. కలిశాక కిందికి దిగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆడవాళ్ళ కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌లో కట్టేది కూడా ఆ ట్యూబులనే, సంచి జోలికి పోరు.

పేరు లేనిదాని గురించి ఎవరూ అడగరు. "గర్భసంచి తీసేశారు" అంటారు గానీ అండాశయాలు ఉంచారా, తీశారా అంటే చాలామందికి తెలియదు.

ప్రశ్న:
అక్కా, మా పిన్నికి నలభై నిండకముందే తీసేశారు. అప్పటినుంచీ ముట్లుడిగినట్టే లెక్కా?

జవాబు:
చూడాలమ్మా. ముట్లుడగడం మంచి తెలుగు మాట, మెనోపాజ్ కన్నా నాకిదే ఇష్టం. కానీ అది నెత్తుటి లెక్కే చెబుతుంది. సంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగిపోతుంది గానీ అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, వాటిలో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ రక్తంలో కలుస్తూనే ఉంటుంది. కొందరిలో అది మామూలు కన్నా కొంత ముందే తగ్గుతుంది. రెండు అండాశయాలూ తీస్తే మాత్రం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఒళ్ళంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, పోనుపోను ఎముకలు గుల్లబారడం. డిశ్చార్జి కాగితం తీసుకుని మంచి లేడీ డాక్టర్‌కి చూపించండి, అందులో రాసి ఉంటుంది.

వ్యాఖ్య:
మగవాళ్ళ మాటలూ ఇంతేనండీ. వీర్యం అంటే పరాక్రమం అని కూడా అర్థం, ఇక వేసెక్టమీ (మగవాళ్ళ కు.ని. ఆపరేషన్) అంటే పారిపోరా మరి! మగతనం పోతుందని టెన్షన్. అక్కడ కట్టేది శుక్రకణాలు పోయే దారిని మాత్రమే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, దానికి ఆ గొట్టంతో పని లేదు. వీర్యంలో ఎక్కువ భాగం శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి ఊర్చే ద్రవమే, కణాలు కొద్దిపాటి. కాబట్టి చూడ్డానికి తేడా కూడా తెలియదు. ఆపరేషన్ అయ్యాక మూడు నెలల దాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి, శుక్రకణాలు లేవని పరీక్ష చేయించుకోవాలి. అది చెప్పేవాళ్ళు తక్కువ.

వ్యాఖ్య:
'కడుపు' సంగతి ఎవరూ ఎత్తలేదే? అన్నం పడేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. "అమ్మ పులుసు తాగితే తమ్ముడి నెత్తిన పడదా?" అని మా పాప అడిగింది :)

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. గర్భసంచి అని పెద్ద అక్షరాలతో, కింద చిన్నగా గర్భాశయం అని రాస్తాం. అండాశయాలకి వేరే రంగు వేసి, "ఆపరేషన్ అంటే ఇవి ఉంచుతారా అని అడగండి" అని పక్కనే రాస్తాం. ఇంకేమైనా ఉందా?

జవాబు:
బొమ్మ ఎదురుగా చూసినట్టు ఒకటి, పక్కనుంచి ఒకటి వేయించండి. ఎదురు బొమ్మలో మామూలుగా మూత్రాశయం వేయరు. మూత్రం పోయే దారీ, బిడ్డ పుట్టే దారీ ఒకటే అనుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు. మూత్రద్వారం, యోని, మలద్వారం మూడింటికీ మూడు బాణాలు పెట్టి పేర్లు రాయండి. అక్కడ 'కింద', 'అక్కడ' అని రాస్తామంటే మాత్రం ఆ పెద్దాయన దిద్దుబాటే నయం.